లామ్ ఏడాది

లామ్ నిజంగా ఏ సంవత్సరంలో పుట్టాడో ఊళ్ళో ముగ్గురు ఆడవాళ్ళకే తెలుసు. వాళ్ళు అతని నాయనమ్మ థోవా, తల్లి లువా, మంత్రసాని సేన్. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని మగవాళ్ళు చెప్పుకుంటారు గానీ, ఆ ముగ్గురి నోళ్ళలో ఆ గింజ ఇరవై ఒక్క ఏళ్ళు నానింది. నానకుండా ముందే బయటపడి ఉంటే బాగుండేది.

థాయ్ బిన్ తీరంలో తుంగచాపలు నేసే ఊరది. అక్కడ ఏళ్ళకి పన్నెండు జంతువుల పేర్లు, వరసగా తిరిగొస్తుంటాయి. గుర్రం సంవత్సరం వెళ్ళిపోయి మేక సంవత్సరం రావడానికి ఒక్క పూట ఉందనగా, ఆకుల్లో జిగురన్నం కడుతూ కడుతూ లువాకి నొప్పులు మొదలయ్యాయి. మొగుడు ఖాంగ్ కొత్త సంవత్సరం పూజకని మగవాళ్ళతో ఊరి మండపానికి వెళ్ళాడు. మధ్యలో ఊరంతా టపాకాయలు మోగాయి, మేక సంవత్సరం వచ్చేసింది. బిడ్డ మాత్రం తీరిగ్గా రెండో కోడి కూశాక వచ్చాడు.

మనవణ్ణి చేతుల్లోకి తీసుకున్న థోవాకి ముందు సంతోషం కలిగింది, వెంటనే ఏ ఏడాదో గుర్తొచ్చి భయం వేసింది. కొడుకు ఖాంగ్‌ది ఎద్దు సంవత్సరం. ఎద్దుకీ మేకకీ పడదు. కొడుకు మేక అయితే ఎద్దు తండ్రికి గండం. ఇదేదో పక్కింటివాళ్ళు చెబితే నమ్మిన మాట కాదు, ఆమె బతుకులో జరిగిన మాట. ఆమె మొగుడిది కుందేలు సంవత్సరం. రెండో కొడుకు కోడి సంవత్సరంలో పుట్టాడు. కుందేలుకీ కోడికీ పడదని పెద్దలు చెబుతూనే ఉన్నారు. బిడ్డ పుట్టి నెల తిరక్కుండానే మొగుడు గాలివానలో పడవతో సహా సముద్రంలో కలిసిపోయాడు. ఆ బిడ్డ కూడా తర్వాత కరువులో పోయాడు. ఇక ఆమెకి మిగిలింది ఖాంగ్ ఒక్కడే. వాడు కూడా ఫ్రెంచివాళ్ళ మీద జరిగిన యుద్ధంలో కొండల్లో బియ్యం మూటలు మోసి, చలిజ్వరం తగిలించుకుని ఇంటికొచ్చి ఏడాది కాలేదు.

"సేన్, వీడు టపాకాయల ముందే పుట్టాడు," అంది థోవా.

"ఇదేంటక్కా, బొడ్డు కోసిన కత్తి ఇంకా తడారనే లేదు."

"టపాకాయల ముందే. గుర్రం పిల్లాడు. నీకు గుర్తుంది కదా."

సేన్ ఆమె మొహంలోకి చూసింది. థోవా మొగుడు పోయిన రోజు ఒడ్డున పక్కనే నిలబడ్డది సేనే. "ఉట్టి మీద ఉన్న జిగురన్నం కట్టల్లో నాలుగు ఇస్తే గుర్తుకొస్తుందిలే," అంది, నవ్వకుండా.

మంచం మీద ఉన్న లువా అంతా వింటోంది. కొత్త కోడలు. అనే పని అత్తది, వినే పని ఆమెది. తెల్లారాక ఖాంగ్ వచ్చి కొడుకును చూసి, నేరుగా పంచాయతీ గుమాస్తా ఇంటికెళ్ళి గుర్రం సంవత్సరమని రాయించాడు. గుమాస్తా దాన్ని 1954గా మార్చి పుస్తకంలో ఎక్కించాడు.

మూడో రోజున సేన్ సొంత కోడలు మగపిల్లాణ్ణి కన్నది. వాడి పేరు తూయ్. వాడి తండ్రిది పంది సంవత్సరం. పందికీ మేకకీ బ్రహ్మాండంగా కుదురుతుంది, అందుకని వాళ్ళింట్లో ఎవరూ ఏమీ దాచలేదు. ఆ లెక్కన మూడు రోజుల తేడాతో పుట్టిన ఇద్దరిలో లామ్ ఏడాది పెద్దవాడయ్యాడు. తూయ్ వాణ్ణి అన్నా అని పిలవాల్సి వచ్చింది.

లామ్ బడికి ఏడాది ముందే వెళ్ళాడు. తరగతిలో అందరికంటే పొట్టి. "పొట్టిగుర్రం" అని పేరు పెట్టారు. థోవా ఆ మాట విన్నప్పుడల్లా తల తిప్పుకునేది. వాడికి మాత్రం ఏ బాధా లేదు. పొట్టివాణ్ణి కాబట్టే జామకొమ్మ విరగదని ఎక్కి, కింద నిలబడ్డ పొడుగు గుర్రాలకి పిందెలు విసిరి, పళ్ళు తను తినేవాడు. కుండలో అడుగంటిన మాడంటే ప్రాణం. చెల్లికీ తమ్ముడికీ మెత్తటి అన్నం వదిలేసి మాడుచెక్క ఊడదీసి పట్టుకుపోయేవాడు. అదేదో త్యాగమని లువా మురిసిపోయేది. కాదు, వాడికి అదే ఇష్టం.

చాప నేతకి ఇద్దరు కావాలి. ఒకరు తుంగపోచను కర్రకి తగిలించి పడుగు తాళ్ళ మధ్యలోంచి దూరుస్తారు, ఇంకొకరు బద్దతో దాన్ని దగ్గరకి కొడతారు. ఎనిమిదో ఏట నుంచి పోచ దూర్చేది లామ్, బద్ద కొట్టేది నాయనమ్మ. వాడి చేతులు ఎంత ఆడేవో నోరూ అంతే ఆడేది.

"నాయనమ్మా, నువ్వు ఇవాళ నెమ్మదిగా కొడుతున్నావు. ముసలిదానివైపోయావు."

"నువ్వు కర్ర వెనక్కి లాగకముందే నేను కొడితే నీ వేళ్ళు చాపలో కలిసిపోతాయి. అప్పుడు బజార్లో పెట్టి అమ్ముకోనా?"

"వేళ్ళున్న చాపకి ధర ఎక్కువ అడుగు."

ఖాంగ్‌కి మాత్రం ఏటా రెండుసార్లు చలిజ్వరం వచ్చేది. పళ్ళు టకటకలాడుతూ మూడు దుప్పట్ల కింద వణికేవాడు, వారానికి లేచి కూచునేవాడు. లేచిన ప్రతిసారీ థోవా పెద్దల పటాలున్న పీటం ముందు అగరుబత్తి వెలిగించి, తను చేసిన పని మంచిదేనని మనసులో అనుకునేది. ఎద్దు బతికుంది. ఇంకేం కావాలి?

1972 వేసవిలో ఒక ఉదయం పంచాయతీ మైకులో జాబితా చదివారు. గుర్రం సంవత్సరంలో పుట్టినవాళ్ళందరూ సైన్యానికి. ఏడో పేరు లామ్‌ది. బయట తుంగ ఆరబెడుతున్న లువా చేతిలో కట్ట అలాగే పట్టుకుని లోపలికి వచ్చింది. పదిహేడేళ్ళలో మొదటిసారి ఆ సంగతి ఎత్తింది.

"అత్తయ్యా, మీరు చెబుతారా?"

"చెబుతాను," అంది థోవా.

చెప్పడానికే వెళ్ళింది. మేక సంవత్సరం పిల్లల వంతు వచ్చే ఏడాదికి గానీ రాదు. ఏడాదిలో ఎన్ని మారవు? గుమాస్తా ఆమె చెప్పింది చివరిదాకా విని కలం పక్కన పెట్టాడు.

"పెద్దమ్మా, ఈ వారంలో నువ్వు మూడోదానివి. నిన్నొకామె వచ్చి తన కొడుకు ఏకంగా మేక తర్వాత వచ్చే కోతి అంది. వాడికి నాకంటే గడ్డం ఎక్కువ."

"నేను అబద్ధం చెప్పట్లేదు నాయనా. అప్పుడు చెప్పాను."

"సరే, మంత్రసాని బతికే ఉంది కదా, ఆమె చేత చెప్పించు. పుస్తకంలో రాయించింది తండ్రి కాబట్టి ఆయన వచ్చి తప్పు రాయించానని సంతకం పెట్టాలి. ఖాంగ్‌ని తీసుకురా, మారుస్తాను."

అక్కడ ఆగిపోయింది ఆమె. ఖాంగ్‌ని తీసుకురావాలంటే ఖాంగ్‌కి చెప్పాలి. వాడి నోటితో వాడే నా కొడుకు మేక అని చెప్పాలి. ఇన్నేళ్ళూ గండానికి కనబడకుండా దాచిన మనిషిని తనే చెయ్యి పట్టుకుని గండం ముందు నిలబెట్టాలి. ఆ వారమే ఖాంగ్ జ్వరంతో మంచం మీద ఉన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, రెంటి మధ్యా ఆమె ఇంటికి నడిచి వచ్చింది.

మగ్గం దగ్గర లామ్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఆమె వెనకే వెళ్ళి పంచాయతీ కిటికీ అవతల నిలబడి అంతా విని, అడ్డదారిన ముందే ఇల్లు చేరాడు.

"నేను మేకనంట కదా," అన్నాడు పోచ అందుకుంటూ.

ఆమె బద్ద కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూనే అంతా చెప్పింది. తాతని, సముద్రాన్ని, కోడి సంవత్సరం బిడ్డని, రెండో కోడి కూతని. వాడు జీవితంలో మొదటిసారి మధ్యలో మాట్లాడకుండా విన్నాడు.

"అయితే, పుట్టగానే ఏడాది కట్టే ఊరి లెక్కన నాకు పంతొమ్మిది కాదు, పద్దెనిమిది. అందుకా నేనింత పొట్టి," అని నవ్వాడు. "పదేళ్ళు వాళ్ళ చేత పొట్టిగుర్రం అనిపించావు కదే నాయనమ్మా."

"మీ నాన్నతో మాట్లాడతాను. లేవగానే."

"వద్దు. నాన్నకి చలిజ్వరం చాలు, దీంతో ఇంకో మంచం వెయ్యాలి. అయినా మా వాళ్ళందరూ వెళుతున్నారు. ఇప్పుడు పోయి నేను మేకని అంటే ఊరుకుంటారా? కనబడ్డ చోటల్లా మే అని అరుస్తారు." పోచ దూర్చి కర్ర వెనక్కి లాగాడు. "ఆ ఏడాది నీ దగ్గర ఉంచు. వచ్చాక తీసుకుంటాను. అందరూ ఏడాది ముసలివాళ్ళై వస్తారు, నేనొక్కణ్ణే తగ్గించుకుంటాను. తూయ్‌గాడి చేత అన్నా అనిపించుకునే బాధ కూడా తప్పుతుంది, వాడు అరువడిగినప్పుడల్లా అన్నా అంటాడు."

అప్పుడైనా ఆమె లేచి ఖాంగ్ మంచం దగ్గరికి వెళ్ళి ఉండొచ్చు. మంచం ఎంతో దూరంలో లేదు, తడిక అవతలే. వెళ్ళలేదు. దాచడం దేనికి, వాడు వద్దనగానే ఆమెకి లోలోపల ఊరట కలిగింది. పిల్లాడే వద్దన్నాడు, నా తప్పేముంది అనుకుంది. పంతొమ్మిదో పద్దెనిమిదో నిండని పిల్లాడి మాట చాటున డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి దాక్కుంది. ఆ ఊరటే తర్వాత నాలుగేళ్ళు ఆమెని కొరుక్కు తింది.

బరువు చూసే రోజున లామ్ పొట్ట పట్టినన్ని నీళ్ళు తాగి కాటా ఎక్కాడు. దిగి పరుగెత్తుకుంటూ గోడ చాటుకి పోయాడని తూయ్ ఊరంతా చెప్పాడు. బండి ఎక్కే ముందు లువా వాడి సంచిలో వేయించిన నువ్వుల పొడి పెట్టింది. థోవా మాడుచెక్క ఎండబెట్టి అరిటాకులో చుట్టి ఇచ్చింది. ఖాంగ్ దుప్పటి కప్పుకునే వచ్చి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "కాళ్ళు పొడిగా ఉంచుకో," అన్నాడు. ఆ తండ్రి కొడుకుతో అన్న ఆఖరి మాట అదే.

ఒక్కటే ఉత్తరం వచ్చింది, దారిలోంచి. ఖాంగ్ గడపలో కూర్చుని పైకి చదివాడు. అందరూ బాగున్నారనీ, తనకిచ్చిన చొక్కాలో ఇంకో లామ్ పడతాడనీ, అమ్మ చేసిన నువ్వుల పొడి దళమంతా రెండు రోజుల్లో ఊదేసిందనీ రాశాడు. చివర్లో ఇలా ఉంది. "నాయనమ్మా, నా ఏడాది జాగ్రత్త. ఎలకలు కొట్టకుండా చూడు."

"ఏ ఏడాది?" అన్నాడు ఖాంగ్.

"వాడి వేళాకోళాలు నాకేం తెలుసు," అంది థోవా. లువా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏమీ రాలేదు. మరుసటి ఏడు మేక సంవత్సరం పిల్లల్ని పిలిచారు, తూయ్ వెళ్ళాడు. లారీ తోలడం నేర్పించారు. యుద్ధం ముగిసిన వేసవిలో సైకిలు చట్రం ఒకటి వీపున కట్టుకుని, చెల్లెలికి ప్లాస్టిక్ బొమ్మ పట్టుకుని, నల్లగా కాలిపోయి ఊళ్ళోకి దిగాడు. తమ ఇంటికంటే ముందు వీళ్ళ గుమ్మంలోకి వచ్చి, "నాయనమ్మా, అన్న ఇంకా రాలేదా?" అన్నాడు. ఆమె వాడికి మంచినీళ్ళిచ్చింది. మొహం మాత్రం చూడలేకపోయింది. మూడు రోజుల చిన్నవాడు, నిక్షేపంగా నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. వాణ్ణి చూసి కడుపు మండింది, మండినందుకు మళ్ళీ సిగ్గేసింది.

కాగితం ఆ మరుసటి సంవత్సరం వచ్చింది. 1972 సెప్టెంబరులో క్వాంగ్ చీ వైపు మరణించాడని, యుద్ధరంగం దగ్గరే ఖననం జరిగిందని ఉంది. ఏ రోజో లేదు, ఎక్కడో లేదు. నాలుగేళ్ళుగా ప్రతి భోజనానికీ లువా వాడి గిన్నె కూడా పెడుతూనే ఉంది. చచ్చిపోయినవాడికి బతికున్నవాడి గిన్నె పెట్టినట్టయింది. ఆ రోజు గిన్నె కడిగి పీటం మీద పెట్టి, ఆ పక్కనే కూలబడింది.

శరీరం దొరకనివాడి ఆత్మని పేరు పెట్టి పిలవాలి. పిలిచి, వాడి బట్టలు ఓ చిన్న పెట్టెలో పెట్టి, ఊరి శ్మశానంలో సమాధి కట్టాలి. అప్పుడు గానీ వాడికి ఇంటి దారి తెలీదు, పెట్టిన అన్నం చేరదు. అలాంటివి పంచాయతీవాళ్ళకి నచ్చవు కాబట్టి, పక్కూరి నుంచి వచ్చిన పూజారి సైకిలు పంపు సంచిలో గంట దాచుకుని, రిపేరుకి వచ్చినట్టు పట్టపగలు వచ్చాడు. ఇంట్లో వాళ్ళు కాక సేన్, తూయ్ మాత్రమే ఉన్నారు.

"ఖాంగ్ పెద్దకొడుకు లామ్," అని పిలిచాడు పూజారి, "ఈ ఊరివాడా, గుర్రం సంవత్సరంలో పుట్టినవాడా, ఇంటికి రా నాయనా."

రెండు పాత నాణేలు పళ్ళెంలో వేశాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే వచ్చినట్టు. రెండూ బొరుసే పడ్డాయి. మళ్ళీ పిలిచాడు, రెండూ బొమ్మే. మూడోసారి మళ్ళీ బొరుసులు.

పూజారి నుదురు తుడుచుకున్నాడు. "వినపడుతున్నట్టు లేదమ్మా. పేరు సరేనా? పుట్టిన ఏడు సరేనా? ఏడు తప్పితే ఆ పిలుపు తనది కాదనుకుని నిలబడిపోతారు."

వక్క నములుతున్న సేన్ దవడ ఆగిపోయింది. లువా నేల చూస్తోంది. థోవా కొడుకు వంక చూసింది. యాభై దాటాడు, పోయిన నెలే జ్వరం నుంచి లేచాడు, పీటానికి రెండడుగుల దూరంలో కూర్చున్నాడు. పెద్దల పటాల ముందు మేక అన్న మాట పలికితే వీడికేమవుతుందో తెలీదు. పలకకపోతే ఆ పిల్లాడు ఎక్కడో తెలీని ఊళ్ళో, ఎవరినో పిలుస్తున్నారనుకుంటూ ఆకలితో నిలబడే ఉంటాడు. ఒకసారి ఈ రెంటి మధ్యా నిలబడి ఆమె నోరు మూసుకుంది. దాని ఫలితం పీటం మీద పటం కట్టి ఉంది.

"వాడు మేక," అంది. గొంతు పెంచి మళ్ళీ అంది. "మేక సంవత్సరం నాయనా. రెండో కోడి కూశాక పుట్టాడు. గుర్రమని నేను చెప్పించాను."

ఖాంగ్ పెళ్ళాం వైపు తిరిగాడు.

"నీకూ తెలుసా?"

"కన్నదాన్ని నేనే కదా," అంది లువా.

"మరి చెప్పొద్దా?"

"ఒక పక్క వాడు, ఒక పక్క మీరు. అత్తయ్య చెబుతారని నేను చూశాను. నేను చెబుతానని ఆవిడ చూశారు."

ఖాంగ్ తల్లి వైపు చూశాడు. అరుస్తాడనుకున్నారు అందరూ. ఆ మనిషికి అరవడం చేతకాదు. "అమ్మా," అన్నాడు, "నాకు నలభైసార్లు వచ్చుంటుంది జ్వరం. ఒక్కటీ మేక వల్ల రాలేదు. దోమ కుట్టి వచ్చింది. మైకులో వాడి పేరు చదివినప్పుడైనా నాకు చెప్పాల్సింది కదమ్మా. తప్పు రాయించానని నేను సంతకం పెట్టేవాణ్ణి."

అదే మాట అరిచి ఉంటే ఆమెకి తేలికగా ఉండేది. తల నేలకి ఆనించి ఏడ్చింది. ఖాంగ్ ఆమెని లేపలేదు, వదిలి వెళ్ళనూ లేదు. జరిగి పీటం ముందుకొచ్చి, పూజారి చేతిలోంచి నాణేలు తీసుకున్నాడు. ఎద్దు సంవత్సరం మనిషి మేక సంవత్సరం కొడుకుని తనే పిలిచాడు.

"లామ్, మేక సంవత్సరంలో పుట్టిన నా కొడుకా. నేను మీ నాన్ననిరా. ఇంటికి రా."

ఒక నాణెం బొమ్మ పడింది. రెండోది పళ్ళెం అంచున కాసేపు దొర్లి బొరుసు పడింది. నాలుగుసార్లు వేస్తే ఎప్పుడో ఒకప్పుడు అలా పడటంలో వింతేముందని తూయ్ తర్వాత చాలాసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా వాడి గొంతు మాత్రం తేడాగా ఉండేది.

పూజారి కుంచె ముంచి, సమాధి దగ్గర పెట్టే చెక్క మీద రాయాల్సిన వయసు ఎంతని అడిగాడు. ఊరి లెక్కన పద్దెనిమిది అని ఖాంగే చెప్పాడు.

అందరూ వెళ్ళాక థోవా కుండ అడుగున మాడుచెక్క ఊడదీసి, లామ్ గిన్నెలో పెట్టి పీటం దగ్గరికి తెచ్చింది.

"ఒరే మేకపిల్లా," అంది, "నీ ఏడాది ఎలకలు కొట్టలేదురా. నేనే తినేశాను."

వెనక నిలబడ్డ లువా ముందుకొచ్చింది. అత్త చేతిలోని గిన్నెకి తన చెయ్యి కూడా ఆనించి, ఇద్దరూ కలిసి దాన్ని పీటం మీద పెట్టేదాకా వదల్లేదు.

"మనిద్దరం తిన్నాం అత్తయ్యా," అంది.